కాటా మామయ్య తిప్పిన స్క్రూ

కాటా మామయ్యని మోసం చెయ్యడం ఆ బజారులో ఎవరి తరమూ కాదు. ఆయన ఒక్కడికే అది చేతనయింది. ఆ సంగతి ఆయనకి తెలిసొచ్చేసరికి అరవై రెండేళ్ళు వచ్చాయి.

మామయ్య ముప్పై ఏడేళ్ళుగా కాటాలు బాగుచేస్తున్నాడు. కూరగాయల కొట్లలో వేలాడే త్రాసులు, బస్తాలు తూచే పెద్ద ప్లాట్‌ఫారం కాటాలు, నగల కొట్లో అద్దాల పెట్టెలో ఉండే బుల్లి త్రాసు, ఏది మొరాయించినా ఆయన దగ్గరికే రావాలి. ఆయన షాపు ఎంత ఇరుకంటే, లోపలికి పక్కగా నడిచి వెళ్ళాలి, బయటికి వెనక్కి నడిచి రావాలి. గోడలకి త్రాసు కాడలు, పళ్ళేలు, స్ప్రింగులు. బల్ల మీద మఖమలు పరిచిన చెక్కపెట్టెలో వరసగా ఇత్తడి తూనికరాళ్ళు. చేత్తో ముట్టుకుంటే చెమట అంటి బరువు పెరుగుతాయని వాటిని చిన్న పట్టకారుతో పట్టుకునేవాడు. కన్నకూతురు పుట్టినప్పుడు చెయ్యి కడుక్కోకుండా ఎత్తుకున్న మనిషే మరి!

ఇక ఆయన నిజాయితీ సంగతి. అది గొప్ప గుణమే, కాదనను. కానీ చుట్టుపక్కల వాళ్ళకి అదో పెద్ద తలనొప్పి. ఎవరైనా కొట్టాయన మెల్లిగా దగ్గరికి జరిగి, "మామయ్యా, ముల్లు కొంచెం మన వైపు చూసేలా..." అన్నాడంటే మామయ్య కోప్పడేవాడు కాదు. సరే అన్నట్టు తలూపి, కాటాని చక్కగా బాగుచేసి, స్క్రూ కదలకుండా సీసం ముద్ర కొట్టి, జనం కిటకిటలాడే వేళ చూసుకుని ఆ కొట్టు గుమ్మంలో నిలబడేవాడు. "అమ్మా, అయ్యా! ఈ కొట్లో కాటా ఇవాళే సరిచేశాను. ఇంకేం భయం లేదు, హాయిగా కొనుక్కోండి," అని గొంతెత్తి చెప్పేవాడు. నిన్నటిదాకా కొన్నవాళ్ళంతా ఒక్కసారిగా కొట్టాయన మొహంలోకి చూసేవాళ్ళు. అలా ఒకరిద్దరికి అయ్యాక మళ్ళీ ఎవరూ ఆయన్ని ఆ మాట అడగలేదు.

అంత ఖచ్చితమైన మనిషికి పద్దెనిమిదేళ్ళ కిందట షుగరు వచ్చింది.

వేలు గుచ్చి చక్కెర చూసే మిషను కొని ఇంట్లో పెట్టారు. మామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీనికి ముద్ర ఏదీ? ఎవరు తనిఖీ చేశారు దీన్ని?" అన్నాడు. ఆయన వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఏ కాటానీ ఒక్క తూకంతో నమ్మకూడదు, మూడుసార్లు తూచాలి. ఆ పద్ధతి ప్రకారమే మూడు వేళ్ళు గుచ్చుకునేవాడు. మూడు అంకెలు వచ్చేవి. షాపులో అయితే మూడూ కలిపి సగటు తీసేవాడు. ఇంట్లో మాత్రం అన్నిటికంటే తక్కువది రాసుకుని, మిగతా రెండూ మిషను లోపం అనేవాడు.

"మూడుసార్లు గుచ్చుకున్నారుగా, రక్తంతో పాటు చక్కెర కూడా కాస్త కారిపోయి ఉంటుంది లెండి," అని అత్తయ్య నవ్వేది. మామయ్య భార్య కాబట్టి బజారంతటికీ ఆవిడ అత్తయ్య.

మాత్రలు ఒంట్లో నలతగా ఉన్న రోజున వేసుకునేవాడు. బాగున్న రోజున మందెందుకని ఆయన వాదన. టీలో అర చెంచా చక్కెరే వేసుకుంటానని అందరికీ చెప్పేవాడు. అర చెంచా అంటే ఆయన లెక్కలో గోపురం లేచినంత. బంగారం ముక్కని అరచేతిలో పెట్టుకుని ఎన్ని గ్రాములో చెప్పగల చెయ్యి, చక్కెర డబ్బా దగ్గరికి వచ్చేసరికి మొద్దుబారిపోయేది. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుని, మంచి అంకె తెచ్చుకుని, తిరిగొస్తూ దారిలోనే మిఠాయి కొట్టు ముందు ఆగేవాడు.

పదిహేడేళ్ళు అలా గడిచాయి. పద్దెనిమిదో ఏట కాళ్ళు వాచాయి. చెప్పులు విప్పినా పట్టీల గుర్తులు సాయంత్రం దాకా ఉండేవి. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే కళ్ళ కింద తిత్తులు. షాపులో ప్లాట్‌ఫారం కాటా ఎక్కితే నెలలో ఏడు కిలోలు పెరిగినట్టు చూపించింది, తిండి చూస్తే సగానికి సగం తగ్గింది. ఇంకెవరైనా అయితే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. మామయ్య కాటాని విప్పాడు.

మూడు రోజులు ఆ కాటా ముక్కలు ముక్కలుగా నేల మీద పడుంది. ప్రతి ముక్కా తుడిచాడు, నూనె పెట్టాడు, మళ్ళీ బిగించాడు, ఇనుప గుండ్లు పెట్టి చూశాడు. గుండు ఎంతో కాటా అంతే చూపించింది. మామయ్య ఎక్కితే మళ్ళీ ఏడు కిలోలు ఎక్కువ.

"నాన్నా, కాటా సరిగానే ఉంది. నువ్వే సరిగా లేవు," అంది కూతురు. షాపులో సగం పని అప్పటికే ఆ అమ్మాయిది. ఆయన భుజాలు, ఆయన నోరు, ఆయన టీ అలవాటు అన్నీ అచ్చు దిగాయి. బయటికి లాక్కెళ్ళి ఆటో ఎక్కించింది.

డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, నిదానంగా చెప్పింది. కిడ్నీలంటే రెండు జల్లెడలు. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఆ జల్లెడలు పాడైపోతాయి. ఇప్పుడు రెండూ కలిపి పదో వంతు పని కూడా చెయ్యడం లేదు.

"ఏ రోజున పాడయ్యాయి?" అని అడిగాడు మామయ్య.

"ఒక రోజున కాదండీ. పద్దెనిమిదేళ్ళుగా, రోజూ కొంచెం కొంచెం."

"మరి నొప్పి రాలేదే?"

"రాదు. అదే దీనితో వచ్చిన చిక్కు."

"సరే, రిపేరుకి ఎన్నాళ్ళు పడుతుంది?"

డాక్టరమ్మ అత్తయ్య వైపు చూసి, "ఇది రిపేరు కాదండీ," అంది. ముప్పై ఏడేళ్ళలో ఎవరికీ 'రిపేరు కాదు' అని చెప్పి ఎరగని మనిషికి, ఆ మాట వినడం అదే మొదలు. ఇక మీదట వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు, కిడ్నీల పని యంత్రం చేస్తుందంది. ఇంట్లో అందరూ షుగరు పరీక్ష చేయించుకోవాలి, ముఖ్యంగా కూతురు, అని కూడా అంది. "తీరిక చూసుకుని వస్తానండీ," అంది కూతురు. అత్తయ్య ఆ వారమే చేయించుకుంది. కూతురికి మాత్రం తీరిక చిక్కలేదు.

డయాలిసిస్ వార్డులో ఏడు మంచాలు, ఏడు యంత్రాలు, గాజు తలుపు, ఆ తలుపు పక్కన ఒక పాత కాటా. నిలువెత్తు స్తంభం, పైన గడియారంలాంటి డయలు, ఒక ముల్లు. మొదటి రోజు మామయ్యకి రక్తం తీసే సూది కనపడలేదు, యంత్రం కనపడలేదు. కాటా ఒక్కటే కనపడింది. ఎక్కాడు. సిస్టరు ముల్లు చూసి, "డెబ్బై నాలుగు," అంది.

"కాదమ్మా. మూడు వందల గ్రాములు తేడా చూపిస్తోంది," అన్నాడు మామయ్య.

ఈ సిస్టరు భారీ మనిషి. కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతూ ఉంటుంది, గొంతు మాత్రం ఎప్పుడూ పైకే ఉంటుంది. వార్డంతా వెనకాల ఆవిణ్ణి హెడ్మాస్టారమ్మ అంటారు. "ఎనిమిదేళ్ళుగా ఇదే కాటా వాడుతున్నాం," అంది ఆవిడ.

"అందుకే," అన్నాడు మామయ్య.

తర్వాతిసారి సంచిలో ఇరవై కిలోల ఇనుప గుండు వేసుకుని వచ్చాడు. వేసుకుని వచ్చాడంటే అత్తయ్య మోసింది. "రోగిని తీసుకొచ్చే వాళ్ళని చూశాను గానీ, రోగితో పాటు గుండుని కూడా మోసుకొచ్చిన దాన్ని నేనొక్కదాన్నే," అని ఆవిడ మెట్ల మీద కూలబడింది. గుండు పెట్టి చూస్తే తేడా నిజమే. హెడ్మాస్టారమ్మ కళ్ళజోడు తీసి, మామయ్యని మొదటిసారి మనిషిలా చూసింది. ఆ రోజు నుంచి కాటా పెత్తనం మామయ్యది. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆయన తనిఖీ చేశాకే అందరూ ఎక్కేవాళ్ళు. పక్క మంచం కండక్టరు గారు బస్సులో ముప్పై ఏళ్ళు అరిచిన గొంతుతో, "ఇది మామయ్య చూసిన కాటా! తిరుగు లేదు!" అని కొత్తగా వచ్చిన వాళ్ళకి చెప్పేవాడు.

ఆ వార్డులో కాటాకి ఎందుకంత మర్యాదో చెప్పాలి. కిడ్నీలు పని చెయ్యకపోతే తాగిన నీళ్ళు బయటికి పోవు, ఒంట్లోనే ఉండిపోతాయి. ఆ ఎక్కువ నీళ్ళని యంత్రం లాగేస్తుంది. ఎంత లాగాలో యంత్రానికి తెలియదు, కాటా చెప్పాలి. నీళ్ళు లేకుండా మనిషి ఉండాల్సిన బరువు ఒకటి రాసిపెట్టి ఉంటుంది. మామయ్యకి అది డెబ్బై ఒక్క కిలోలు. వచ్చిన రోజు కాటా ఎంత ఎక్కువ చూపిస్తే అంత లాగుతారు. కాటా తక్కువ చెప్పిందో, మిగిలిన నీళ్ళు ఒంట్లోనే ఉండి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. మనిషి గట్టు మీద కూర్చునే మునిగిపోతాడు.

హెడ్మాస్టారమ్మ దీనికి ఒక బోర్డు పెట్టింది. ఎవరు ఎన్ని కిలోలు పెరిగి వచ్చారో సుద్దముక్కతో పెద్ద అక్షరాలతో రాసేది. రెండు లోపు ఉంటే పక్కన స్టారు. రెండున్నర దాటితే అంకె కింద గీత, రోగికి చివాట్లు. ఎదుటి మంచం కుట్టుమిషను అక్కకి ఎప్పుడూ స్టారే. ఆవిడ నలభై అయిదు కిలోల మనిషి, దాహం కూడా అంతే ఉండేది. కండక్టరు గారికి ఎప్పుడూ గీతే. రెండేళ్ళలో ఒక్క స్టారు ఎరగడు పాపం. గాజు తలుపు అవతల బెంచీ మీద కూర్చున్న వాళ్ళకి కూడా బోర్డు స్పష్టంగా కనపడేది. అక్కడ అత్తయ్య కూర్చునేది.

రోజుకి ముప్పావు లీటరు నీళ్ళే తాగాలన్నారు. వద్దనేదాకా మామయ్యకి దాహమంటే ఏమిటో తెలియదు. వద్దన్న క్షణం నుంచి ఇంకేదీ తెలియలేదు. అత్తయ్య సీసా మీద కూతురి గోళ్ళరంగుతో గీత గీసి కాపలా కూర్చుంది. మామయ్య నోరు పుక్కిలించడానికి వెళ్ళి పావుగంట రాకపోతే, ఆవిడ తలుపవతల నుంచి, "ఉమ్మిన చప్పుడు వినపడలేదండీ," అనేది. ఆరు మాత్రలని ఆరు గుక్కలతో వేసుకునేవాడు. ఆవిడ ఆరూ ఒక్క గుక్కలో మింగించడం మొదలుపెట్టింది. అయినా ఆవిడ కళ్ళలో దుమ్ము కొట్టి, ఎలాగో ఒకలా తాగేవాడు. బోర్డు మీద గీత పడేది.

అలా వరసగా మూడోసారి గీత పడిన రోజున ఇంటికొచ్చాక అత్తయ్య సీసా తీసి ఆయన ముందు పెట్టింది. "ఇంకోసారి గీత పడితే ఈ కాపలా నా వల్ల కాదండీ. మీ ఇష్టం వచ్చినంత తాగండి," అంది. అని, అక్కడే కూర్చుని ఏడ్చింది. తిట్టినా, అలిగినా మామయ్యకి అలవాటే. ఏడిస్తే మాత్రం ఆయనకి చేతులూ కాళ్ళూ ఆడవు. ఇక గీత పడనివ్వనని మాటిచ్చాడు.

మాటిచ్చిన తొమ్మిదో రోజున పుచ్చకాయ వచ్చింది.

తన కాటా బాగుచేసినందుకు సంతోషించి పండ్ల కొట్టాయన పంపించాడు. ఎండ మండిపోతోంది. కూతురు షాపులో ఉంది, అత్తయ్య తన చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళింది. మామయ్య పుచ్చకాయ వైపు చూశాడు. పుచ్చకాయ కూడా తన వైపే చూస్తోందనిపించింది. ఒక్క ముక్క కోశాడు. పండు తినేదే గానీ తాగేది కాదు కదా, కాబట్టి నీళ్ళ లెక్కలోకి రాదని న్యాయం తీర్చుకున్నాడు. ఆ న్యాయం మీద సగం పండు తినేశాడు. తీపికి దాహం వేసింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. తొక్కలు తీసుకెళ్ళి పక్కింటి వాళ్ళ చెత్తబుట్టలో అడుగున కుక్కాడు. అత్తయ్య రాగానే, "పండ్ల కొట్టాయన సగం పుచ్చకాయ పంపాడోయ్," అని మిగతా సగం చూపించాడు. అత్తయ్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే భయపడాలని ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకోలేదు.

మర్నాడు వార్డుకి బయల్దేరేముందు షాపులో కాటా ఎక్కి చూసుకున్నాడు. డెబ్బై అయిదు. నాలుగు కిలోలు! కండక్టరు గారు కూడా ఎప్పుడూ నాలుగు ముట్టుకోలేదు.

కర్మకొద్దీ ఆ రోజు ఒకటో తారీఖు.

పనిముట్ల సంచీతో అందరికంటే ముందు వెళ్ళి, తనిఖీ పేరుతో కాటా వెనక పలక విప్పాడు. లోపల రెండు స్క్రూలుంటాయి. ఒకటి సున్నా స్క్రూ. దాన్ని తిప్పితే ఖాళీ కాటాయే తప్పు చూపిస్తుంది, ఎవరైనా పట్టేస్తారు. రెండోది బరువు స్క్రూ. దాన్ని తిప్పితే ఖాళీగా ఉన్నంతసేపు ముల్లు సున్నా దగ్గర బుద్ధిగా నిలబడుతుంది, మనిషి ఎక్కాకే అబద్ధమాడుతుంది. ఎంత బరువుకి అంత అబద్ధం. దొంగ కాటాలన్నిట్లోకీ ముదురు దొంగ అదే. అలాంటివి ఎన్నో పట్టుకున్నాడు మామయ్య. ఇన్నేళ్ళూ దొంగలు తిప్పినదాన్ని వెనక్కి తిప్పిన చెయ్యి కాబట్టి, ఎంత తిప్పాలో దానికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వందకి రెండు కిలోలు తగ్గేలా తిప్పాడు. తన డెబ్బై అయిదు డెబ్బై మూడున్నర అవుతుంది. అంటే పెరిగింది రెండున్నర. దాటలేదు, గీత పడదు. తను దిగగానే, 'ఒక్క నిమిషం, చిన్న సర్దుబాటు' అని స్క్రూ మళ్ళీ యథాస్థానానికి తిప్పేస్తాడు. రెండు రోజులు చుక్క ముట్టకుండా ఉండి, తన లెక్క తనే సరిచేసుకుంటాడు. పథకం అదీ.

"డెబ్బై మూడున్నర. పెరిగింది రెండున్నర. ఫరవాలేదు," అంది హెడ్మాస్టారమ్మ. బోర్డు మీద గీత లేని అంకె పడింది. గాజు తలుపు అవతల అత్తయ్య మొహం విచ్చుకుంది. మామయ్య దిగి, "ఒక్క నిమిషం..." అంటూ వంగాడు. ఆ నిమిషం ఆయనకి దొరకలేదు. వెనకే కండక్టరు గారు కాటా ఎక్కేశాడు. హెడ్మాస్టారమ్మ మామయ్య భుజం పట్టుకుని, "మంచం సిద్ధంగా ఉంది, పదండి," అని నడిపించుకుపోయింది. రెండు నిమిషాల్లో చేతికి రెండు సూదులు, వాటికి గొట్టాలు. ఇక నాలుగు గంటలు కదలడానికి లేదు.

"తొంభై మూడు!" అని కేక వినపడింది. అది హెడ్మాస్టారమ్మ గొంతే, కానీ అందులో ఆనందం ఉండటంతో ఎవరూ పోల్చుకోలేదు. "కండక్టరు గారూ, పెరిగింది ఒకటిన్నరే!"

కండక్టరు గారు కాటా దిగలేదు. ముల్లు వైపు, ఆవిడ వైపు, మళ్ళీ ముల్లు వైపు చూశాడు. "స్టారా?" అన్నాడు సన్నగా.

"స్టారే."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. కుట్టుమిషను అక్క ఎక్కింది, స్టారు. మిగతా నలుగురూ ఎక్కారు, వాళ్ళకీ స్టార్లే. హెడ్మాస్టారమ్మ బోర్డు ముందు నిలబడి చేతులు కట్టుకుంది. "పదేళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఇవాళ నా వార్డు నా మాట వింది," అంది. "కండక్టరు గారూ, ఇవాళ మీకు ఒక గ్లాసు టీ. నిండుగా!"

మామయ్య మంచం మీద పడుకుని చూస్తున్నాడు. లెక్క దానంతటదే బుర్రలో తిరుగుతోంది. వందకి రెండు. కండక్టరు గారి అసలు బరువు తొంభై అయిదు, దాచింది దాదాపు రెండు కిలోలు. యంత్రం లాగని రెండు లీటర్లు. పైగా టీ. పోయిన నెలే ఆయన్ని ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఊపిరాడక కూర్చోబెట్టి మోసుకొచ్చారు.

"మీ కాటా చలవ, మామయ్యా," అని కండక్టరు గారు గ్లాసు పైకెత్తి చూపించి, గుటక వేశాడు.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "సిస్టరమ్మా, ఆ కాటాని ఓసారి చూడాలేమో."

"పొద్దున్నేగా చూశారు?"

"చూశాననుకో. అయినా..."

"మీరు చూశాక ఇంకెవరు చూడాలి మామయ్యగారూ? మీలాంటి మనిషి ఈ వార్డుకి దొరకడం మా అదృష్టం." మిగతా ఆరు మంచాల నుంచీ అవునవునన్నారు.

ఆయన్ని ఎవరైనా చెప్పుతో కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. కళ్ళు మూసుకున్నాడు. ఎల్లుండి మళ్ళీ వస్తారుగా, అప్పుడు లాగేస్తారు, రెండు రోజుల్లో ఏమవుతుంది అనుకున్నాడు. కుట్టుమిషను అక్క ఇల్లు మూడో అంతస్తులో అని గుర్తొచ్చింది. ఆవిడ మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం కళ్ళకి కట్టింది. కళ్ళు తెరిచాడు. నోరు విప్పితే ముప్పై ఏడేళ్ళ పేరు పోతుంది. బజారంతటికీ తెలిసిపోతుంది. ఇన్నేళ్ళూ గుమ్మాల్లో నిలబడి తను పరువు తీసిన కొట్టాయనలందరూ వరసగా వచ్చి చూసి వెళతారు.

"నర్సమ్మా, ఈ తల వైపు కొంచెం పైకెత్తండి," అన్నాడు కండక్టరు గారు. "కాస్త ఆయాసంగా ఉంది. సంతోషం వల్లే అనుకుంటా." నవ్వాడు. నవ్వు సగంలో దగ్గయింది.

"నేనే తిప్పాను!" అని అరిచాడు మామయ్య.

వార్డు మొత్తం ఆయన వైపు తిరిగింది. "కాటా నేనే తిప్పాను. వందకి రెండు తక్కువ చూపిస్తోంది. పుచ్చకాయ తిన్నాను. నాలుగు కిలోలు పెరిగాను. దిగగానే మళ్ళీ సరిచేద్దామనుకున్నాను. ఈయన ఎక్కేశాడు."

హెడ్మాస్టారమ్మ అరవలేదు. బోర్డు తుడిచే గుడ్డ తీసుకుంది. "చెప్పండి," అంది.

మామయ్య పడుకున్న చోటు నుంచే ఒక్కొక్కరి అసలు బరువు చెప్పుకుంటూ పోయాడు. కాగితం లేదు, పెన్సిలు లేదు. కండక్టరు గారు, తొంభై అయిదు. కుట్టుమిషను అక్క, నలభై అయిదు. గ్రాములతో సహా ఏడుగురివీ చెప్పాడు. హెడ్మాస్టారమ్మ స్టార్లు ఒక్కొక్కటే తుడిచింది. యంత్రాలన్నీ మళ్ళీ సరిచేయించింది. అందరికీ ఇంకో అరగంట, కండక్టరు గారికి గంట. తాగిన టీ కూడా లెక్కలో కలిపింది.

కుట్టుమిషను అక్క స్టారు ఒక్కటే పోకుండా, అంచు మీద ఊగుతూ మిగిలింది. కండక్టరు గారు తన అంకె కింద గీత పడటం చూస్తూ ఉండిపోయాడు. చివరికి మామయ్య వైపు తిరిగాడు.

"నన్ను చంపబోయావు, సరే, క్షమిస్తాను. స్టారు ఇచ్చి తీసేసుకుంటావా? మనిషివేనా నువ్వు?" అన్నాడు.

వార్డంతా ఆయన పక్షమే. ప్రాణం మాట ఎవరూ ఎత్తలేదు. స్టార్ల కోసం మామయ్యని కడిగేశారు.

గాజు తలుపు తెరుచుకుని అత్తయ్య లోపలికి వచ్చింది. బోర్డు మీద నాలుగు, కింద లావుపాటి గీత. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"సగం పుచ్చకాయ ఎవరైనా కానుకగా పంపుతారటండీ?" అంది.

మామయ్య నీళ్ళు నమిలాడు. "ముప్పై ఏడేళ్ళలో ఒక్కసారి తిప్పానే. ఒకే ఒక్కసారి," అన్నాడు.

"ఒక్కసారా?" అత్తయ్య మెల్లిగా అంది. "పద్దెనిమిదేళ్ళుగా తిప్పుతూనే ఉన్నారు. మూడు వేళ్ళు గుచ్చుకుని తక్కువది రాసుకున్న ప్రతిసారీ తిప్పారు. నేను పక్కనే నిలబడి నవ్వాను."

బజారులో ఏ కాటానీ అబద్ధమాడనివ్వని మనిషి, తన ఒంటికి పెట్టుకున్న కాటాని మాత్రం ఒక్కరోజు కూడా నిజం చెప్పనివ్వలేదు. అది ఆయనకి అప్పుడే, ఆ మంచం మీదే, అందరి ముందూ అర్థమయింది. అత్తయ్య ఆయన సూదుల్లేని చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. కండక్టరు గారు మర్యాదగా అటు తిరిగి పడుకున్నాడు, గొట్టం రానిచ్చినంత మేరకు.

తర్వాతిసారి కాటా సరిచెయ్యడానికి కూతురు వచ్చింది. గుండ్లు తనే మోసుకుంది. మామయ్య సంచీ కోసం చెయ్యి చాచాడు.

"నాన్నా, నువ్వు ఆ గీత అవతల నిలబడు," అంది కూతురు, నేల మీద పలకల మధ్య గీత చూపించి.

మామయ్య నిలబడ్డాడు. అవమానంగా ఉంది. కూతురి చెయ్యి స్క్రూ మీద ఎంత పొదుపుగా కదులుతోందో చూస్తే గర్వంగానూ ఉంది. ఏది ఎంతో ఆయన తేల్చుకోలేకపోయాడు. మూడుసార్లు తూచింది, సగటు తీసింది, స్క్రూ మీద సీసం పెట్టి ముద్ర కొట్టింది. వార్డంతా చప్పట్లు కొట్టింది. కండక్టరు గారు ఇంకా కొంచెం గుర్రుగానే కొట్టాడు.

"పని అయిందా?" అంది హెడ్మాస్టారమ్మ. "అయితే ఇలా కూర్చో. నీకు తీరిక చిక్కలేదటగా, మీ అమ్మ చెప్పింది." తప్పించుకునే లోపే ఆ అమ్మాయి వేలు పట్టుకుని గుచ్చింది. మిషను మీద అంకె పడింది. రెండు వందల ముప్పై.

కూతురు ఆ అంకె వైపు చూసింది. మొహంలో రంగు మారింది. తర్వాత నవ్వింది. "ఇందాకే టీ తాగాను సిస్టరు గారూ. అయినా ఈ మిషనుకి ముద్ర ఏదీ? ఇంకో వేలు చూడండి," అని రెండో వేలు చాచింది.

అత్తయ్య నవ్వలేదు. మామయ్య గీత దాటి వచ్చాడు. చాచిన వేలిని మెల్లిగా మడిచి, కూతురి పిడికిలి మొత్తం తన చేతిలోకి తీసుకున్నాడు.

"మొదటిదే రాయమ్మా," అన్నాడు.

హెడ్మాస్టారమ్మ రాసుకుంది. రేపు పరగడుపున వచ్చి పెద్ద పరీక్ష చేయించుకోవాలంది. కూతురు తలూపింది. మంచం దగ్గరికి రమ్మని రెండుసార్లు పిలిచినా, మామయ్య ఆ పిడికిలి వదల్లేదు.